మోకాళ్ళు వంగిన చోట



మన ప్రార్థనలలో తరచుగా వినబడే మనవి ఒకటి ఉంది. ప్రభువా, మమ్మును తగ్గించుము అని అడుగుతాము. ఉపవాస కూటములో అడుగుతాము, రాత్రి ప్రార్థనలో అడుగుతాము, కన్నీళ్ళతో కూడా అడుగుతాము. అయితే ఆ మనవికి జవాబు వచ్చే విధానమే మనకు నచ్చదు. వయసులో చిన్నవాడు పదిమందిలో మన తప్పును సరిచేస్తాడు. కానుకల లెక్క చదివేటప్పుడు మన పేరు చదవడము మరచిపోతారు. పెండ్లి ప్రార్థనకు వేరొక పెద్దను పిలుస్తారు. అప్పుడు, దేవుడు మన ప్రార్థన విన్నాడని మనము సంతోషించము. మాకు అవమానము జరిగిందని అలుగుతాము. రెండు ఆదివారములు మందిరానికి రాము.

కాబట్టి ఈ వారము మనము ఒక ప్రశ్నను నిదానముగా ఆలోచించుదాము. గర్వము మనిషిలో ఎక్కడ విరుగుతుంది? మనసులోనా, మాటలోనా, లేక వేరొక చోటా? నేను ధూళిని, ఏ పాటివాడను కాను అని పలకడము కష్టము కాదు. ఆ మాటను కూడా గర్వముతోనే పలకవచ్చు. నాకంటె తగ్గింపుగలవాడు ఈ సంఘములో లేడు అని లోలోపల మురిసిపోవచ్చు. తగ్గింపు మాటలు వేరు, తగ్గింపు వేరు.

మన సంఘ బిడ్డలు కొందరు హైదరాబాదులో ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి ప్రాంతములలో గదులు తీసుకొని ఉంటున్నారు. ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరచిన పాత పుస్తకాలు చూడడము వారిలో కొందరికి ఇష్టము. ఆ గుట్టల మధ్య అప్పుడప్పుడు తోలు అట్ట వేసిన పాత బైబిలు కూడా కనబడుతుంది. అలాంటి తోలు అట్ట గల బైబిలును చిన్నతనములో చింపివేసి, అట్ట అందముగా ఉందని దానిని మాత్రము దాచుకున్న ఒక మనిషిని గూర్చి ఈ రోజు మీతో చెప్పాలని ఉంది. ఆయన ఎక్కడో దూర దేశములో సమాధి చేయబడలేదు. ఆబిడ్స్ నుండి కింగ్ కోఠి మీదుగా వెళ్తే నారాయణగూడ వస్తుంది. అక్కడి క్రైస్తవ సమాధుల తోటలో ఆయన దేహము విశ్రమిస్తున్నది. ఆయనే సహోదరుడు భక్త సింగ్ గారు.

ముందుగా ఒక మాట. భక్త సింగ్ గారి సహవాసము వేరు, మన సంఘము వేరు. సంఘ క్రమము విషయములోను, పాదిరి పరిచర్య విషయములోను వారికీ మనకూ తేడాలున్నవి. మేము వేదాంత కళాశాలలో డిప్లొమా చదివి అభిషేకము పొందిన పాదిరులము. వారి సంఘములలో ఆ పద్ధతి లేదు. అయినను వేరే సంఘమువారి దగ్గర మనము నేర్చుకోవలసినది ఏమీ లేదు అనుకోవడమే ఒక గర్వము. ఈ పాఠము అక్కడనుండే మొదలగును గాక.

భక్త సింగ్ గారు 1903 జూన్ 6న పంజాబులోని జోయా అనే గ్రామములో ధనవంతులైన సిక్కు కుటుంబములో పుట్టారు. మిషను పాఠశాలలో చదివారు. అక్కడ ఇచ్చిన బైబిలునే చింపివేశారు. 1926లో ఇంజనీరింగ్ చదువు కోసము ఇంగ్లండు వెళ్ళారు. మతము మారనని తల్లికి మాట ఇచ్చి వెళ్ళారు. అక్కడ తలవెంట్రుకలు, గడ్డము తీసివేసి, దొరల వేషము, దొరల అలవాట్లు నేర్చుకున్నారు. చదువు ఉంది, డబ్బు ఉంది, దేశాభిమానము ఉంది. తన మతమే గొప్పదన్న నిశ్చయమూ ఉంది.

1928లో ఆయన ఓడ మీద కెనడాకు ప్రయాణమయ్యారు. ఓడలో మొదటి తరగతి భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరుగుతుంటే, తోటి ప్రయాణికులతోపాటు ఆయన కూడా వెళ్ళి కూర్చున్నారు. అందరూ నిలబడితే నిలబడ్డారు, కూర్చుంటే కూర్చున్నారు. ప్రసంగము జరుగుతుంటే నిద్రపోయారు. ప్రసంగము తరువాత అందరూ ప్రార్థనకు మోకరించారు. ఆయన మాత్రము మోకరించలేదు. వీరికి భక్తి ఏమి తెలుసు, నా దేశాన్ని దోచుకున్నవారు వీరే కదా, వీరు తినడము త్రాగడము నేను చూడలేదా, నా మతము వీరిదానికంటె గొప్పది కదా అని తలంచారు. లేచి వెళ్ళిపోదామంటే కుడివైపున ఒకరు, ఎడమవైపున ఒకరు మోకరించి ఉన్నారు. వారిని నెట్టుకొని వెళ్ళడము మర్యాద కాదనిపించింది. అప్పుడు ఇంకొక తలంపు కలిగింది. నేను మసీదులకు వెళ్ళాను, హిందువుల గుళ్ళకు వెళ్ళాను, అక్కడ చెప్పులు విడిచి గౌరవము చూపించాను. ఇక్కడ కూడా ఆ మర్యాద చూపించాలి కదా అనుకొని మోకరించారు.

ప్రియులారా, ఈ సాక్ష్యములో మనము ఆగి చూడవలసిన చోటు ఇదే. ఆయన మోకరించినది విశ్వాసముతో కాదు, మర్యాద కోసము. కాని ఆ మోకాళ్ళు నేలను తాకిన వెంటనే తన గర్వమంతా కరిగిపోయిందని, దేహము వణికిందని, చెప్పలేని ఆనందము కలిగి యేసు నామమును పలుకుతూ ఉండిపోయానని ఆయన జీవితాంతము సాక్ష్యమిచ్చారు. దేశ గర్వము, చదువు గర్వము, మత గర్వము అన్నీ ఆ క్షణమందే పోయాయని చెప్పారు. అప్పటికి ఆయన బైబిలు చదివి అర్థము చేసుకోలేదు. ఏ సిద్ధాంతమును ఒప్పుకోలేదు. కొత్త నిబంధన చేతికి వచ్చి, చదివి, తన పాపములు ఒప్పుకొని ప్రభువును అంగీకరించినది 1929 డిసెంబరులో, కెనడాలోని విన్నిపెగ్ నగరములో. అంటే మోకాలికీ మనసుకూ మధ్య సంవత్సరము దాటిన కాలము ఉంది. ముందు మోకాలు వంగింది, తరువాత మనసు వెలిగింది.

మనము సాధారణముగా దీనిని తలక్రిందులుగా అనుకుంటాము. ముందు మనసులో తగ్గింపు పుట్టాలి, అది బాగా పండిన తరువాత చేతలలోకి వస్తుంది అని ఎదురుచూస్తాము. సంవత్సరాలు గడుస్తాయి, అది పండదు. దేవుడు మాత్రము చాలాసార్లు ఒక చిన్న పని చూపించి, దానిని చేయమంటాడు. ఆ పని చేయడములోనే గర్వము విరుగుతుంది.

సిరియా సైన్యాధిపతియైన నయమాను కథ మీకు తెలిసినదే. రెండవ రాజుల గ్రంథము 5వ అధ్యాయము మరల చదవండి. ఆయన 10 తలాంతుల వెండి, 6,000 తులముల బంగారము, 10 దుస్తులు పట్టుకొని వచ్చాడు. రాజు వ్రాసిన పత్రిక తెచ్చాడు. గుఱ్ఱములతో, రథముతో ఎలీషా గుమ్మము ముందు నిలిచాడు. ప్రవక్త బయటకు రాకుండా ఒక మనిషిని పంపి, యొర్దానులో 7 మారులు మునుగమన్నాడు. నయమానుకు కోపము వచ్చింది. మా దమస్కులో ఇంతకంటె మంచి నదులు లేవా అన్నాడు. కుష్ఠు పోవాలని ఇంత దూరము వచ్చినవాడు, పోయే దారి చూపించగానే వెనుకకు తిరిగాడు. అతనికి స్వస్థత కావాలి, కాని తన హోదాకు తగిన విధముగా కావాలి.

ఈ కథలో ఇంకొకటి గమనించండి. నయమానుకు మేలు చేసినవారందరూ అతనికంటె క్రిందనున్నవారే. మొదట ప్రవక్తను గూర్చి చెప్పినది చెరపట్టబడిన ఒక చిన్న పిల్ల. కోపముతో వెళ్ళిపోతుంటే ఆపినవారు అతని దాసులు. రాజు వ్రాసిన పత్రిక పని చేయలేదు, పనిపిల్ల చెప్పిన మాట పని చేసింది. అతడు నీళ్ళలో దిగిన తరువాతే బాగయ్యాడు, దిగకముందు కాదు. మొదటి మునకకు బాగు కాలేదు, మూడవ మునకకు కాలేదు. ఫలితము కనబడకపోయినా ఏడవది వరకు మునగడమే విధేయత.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో మన ప్రభువును గూర్చి చెప్పినప్పుడు తగ్గింపును, విధేయతను ఒకే చోట ఉంచాడు. దేవుని స్వరూపము కలిగినవాడు దాసుడయ్యాడు, మనుష్యుడయ్యాడు, సిలువ మరణము వరకు లోబడ్డాడు. ఆ రెండింటిని మనము విడదీయకూడదు. విధేయత లేని తగ్గింపు మంచి మాటలుగా మిగిలిపోతుంది. తగ్గింపు లేని విధేయత, తండ్రికి లోబడి పని చేసి కూడా తమ్ముడు తిరిగి వస్తే ఇంట్లోకి రాని పెద్దకుమారుని విధేయతగా మారుతుంది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టముగా చెప్పాలి. తగ్గింపు అంటే ఎవరు ఏమి చెప్పినా తల ఊపడము కాదు. భక్త సింగ్ గారు 1932లో కెనడాలోని వాంకూవరులో బాప్తిస్మము పొంది, 1933లో బొంబాయిలో ఓడ దిగారు. తల్లిదండ్రులు వచ్చి కలుసుకున్నారు. కుటుంబ గౌరవము కోసము నీ విశ్వాసమును రహస్యముగా ఉంచుకొమ్మని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. వారు ఆయనను అక్కడే విడిచి వెళ్ళిపోయారు. ఓడలో మోకరించిన మనిషే ఇక్కడ నిలబడ్డాడు. ఇది గర్వము కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. గర్వము తన పేరు కోసము నిలబడుతుంది. ఆయన ఆ రోజు ఇంటిని, ఆస్తిని, పేరును పోగొట్టుకొని నిలబడ్డాడు. మనము మొండిగా ఉన్నప్పుడు మనలను మనము పరీక్షించుకోవడానికి ఇది మంచి కొలత: ఇలా నిలబడితే మనకు పేరు వస్తుందా, పోతుందా?

తరువాత హైదరాబాదులో హెబ్రోను ఆయన పరిచర్యకు కేంద్రమైంది. అక్కడి ఆరాధనలో చెప్పులు బయట విడిచి, అందరూ నేలమీద చాపలపై కూర్చుంటారు. ఉద్యోగస్థుడు, కూలివాడు ఒకే చాప. ఆరాధన తరువాత ప్రేమవిందులో ఒకే అన్నము. ఇంగ్లండులో దొరవలె బ్రతికిన మనిషి తన దేశపు చాపలమీదకు తిరిగి వచ్చాడు. అయితే చాప కూడా మనలను రక్షించదు. మేము చాపమీద కూర్చుంటాము, వారు కుర్చీలమీద కూర్చుంటారు అని చెప్పుకుంటే, చాప కూడా సింహాసనమైపోతుంది. గర్వము ఏ ఆసనము మీదనైనా కూర్చోగలదు. చివరి సంవత్సరములలో ఆయనకు పార్కిన్‌సన్ వ్యాధి వచ్చింది. వేలమందికి వాక్యము పంచిన మనిషి ఇతరుల చేతులమీద ఆధారపడి మంచమున ఉండిపోయారు. 2000 సెప్టెంబరు 17న ప్రభువునందు నిద్రించారు. సేవ చేయించుకోవడానికి ఒప్పుకోవడము కూడా తగ్గింపే. పేతురు తన పాదములు ప్రభువు కడగడానికి మొదట ఒప్పుకోకపోవడము గుర్తు తెచ్చుకోండి.

మన తెలుగు నేలమీద ఇంకొక దైవజనుడు ఉన్నాడు. సికింద్రాబాదు నుండి కాజీపేట మీదుగా విజయవాడ వెళ్ళే రైలులో ప్రయాణము చేస్తే డోర్నకల్ తగులుతుంది. బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు అక్కడ పరిచర్య చేశారు. ఆయన తెలుగువాడు కాదు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. మద్రాసులో చదువుకొని, వై.ఎం.సి.ఎ. లో పెద్ద బాధ్యతలో ఉండి, అది విడిచి 1909లో డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయన వయసు 35 సంవత్సరాలు. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దాలి. సభలలో ఇంగ్లీషులో ధారాళముగా మాట్లాడేవాడు పల్లె ప్రజల ముందు తప్పులు మాట్లాడుతూ నేర్చుకోవాలి. కొత్త భాష నేర్చుకునేవాడు ఎంత పెద్ద చదువు చదివినా కొంతకాలము చిన్నపిల్లవాడే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా అభిషేకము పొందారు. ఆ తరువాత కూడా ఆయన తిరిగినది మన పల్లెలలోనే, సమాజము వెలివేసిన మాల మాదిగల మధ్యనే.

ఆయనకు ఇంకొక భారము ఉండేది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతరులు అని చీలిపోయిన సంఘములు ఒకటి కావాలని ఆశించారు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ ప్రయత్నములో ఆయన ముందున్నారు. సంవత్సరముల తరబడి చర్చలు జరిగాయి. ఎందుకంత ఆలస్యము? ప్రతి సంఘానికి తన క్రమము, తన అభిషేకము, తన చరిత్ర గొప్పవి కదా. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. అజరయ్య గారు 1945 జనవరి 1నే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. తాను నాటిన చెట్టు నీడలో తాను కూర్చోలేదు. ఆబిడ్స్‌లో సెయింట్ జార్జ్ చర్చి ముందునుండి వెళ్ళేవారు ఈ సంగతి తలంచుకోండి. ఆంగ్లికన్ ఆలయముగా మొదలైన ఆ మందిరము నేడు ఆ ఐక్య సంఘములో భాగము. ఫలము మన కళ్ళ ఎదుట పండకపోయినా, మన పేరు దానిమీద లేకపోయినా పని చేయగలమా? ఇది కూడా గర్వానికి పరీక్షయే.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాము. మన ప్రాంతములో ఒకే ఊరిలో, ఒకే ప్రభువును ఆరాధించే రెండు మందిరములు ఉండడము మీకు తెలుసు. సిద్ధాంతములో తేడా లేదు, పాటలలో తేడా లేదు. ఒకటి మాలపల్లెలో, ఇంకొకటి మాదిగపల్లెలో. అంతే తేడా. బాప్తిస్మపు నీళ్ళు ఒకటే, పెండ్లి సంబంధము దగ్గరకు వచ్చేసరికి కులము అడుగుతాము. పై కులమువారు మనలను చిన్నచూపు చూస్తే బాధపడతాము, అది న్యాయమే. మన ప్రక్క పల్లెను మనము చూసే చూపు సంగతి ఏమిటి? గర్వము ధనవంతుల జబ్బు మాత్రమే అనుకోకండి. ఎవరికంటెనైనా ఒక మెట్టు పైన ఉన్నానన్న తృప్తి దానికి చాలు.

అయితే ఇంకొక ప్రమాదము ఉంది. తగ్గింపును గూర్చిన వాక్యమును ఎప్పుడూ క్రిందనున్నవారికే ప్రకటించడము. కూలి తక్కువ ఇచ్చిన ఆసామి ముందు అణిగి ఉండుమని కూలివానికి, కొట్టే భర్త ముందు ఓర్చుకొమ్మని భార్యకు ఈ వాక్యమును చూపిస్తే, అది క్రీస్తు తగ్గింపు కాదు. క్రీస్తు తాను పైనుండి దిగివచ్చాడు గాని, క్రిందనున్నవారిని ఇంకను క్రిందకు త్రోయలేదు. తుండుగుడ్డ నడుముకు కట్టుకున్నవాడు బోధకుడు, కూర్చున్నవారు శిష్యులు. కాబట్టి ఈ వాక్యము మొదట పాదిరులమైన మాకు, సంఘ పెద్దలకు, ఇంటి యజమానులకు, అత్తగార్లకు. తరువాతే మిగిలినవారికి.

పట్నములో ఉన్న బిడ్డలారా, మీకు ప్రత్యేకముగా ఒక మాట. నాంపల్లి స్టేషనులో మీ నాన్న సంచి భుజాన వేసుకొని, పంచె కట్టుతో దిగినప్పుడు, ఆఫీసు స్నేహితులు ప్రక్కన ఉంటే ఆయనను ఎవరని పరిచయము చేస్తారు? మా ఊరివాడు అంటారా, మా నాన్న అంటారా? ఆ ఒక్క మాటలో మీ చదువు, మీ భక్తి రెండూ తేలిపోతాయి. పది ప్రసంగములు వినడము కంటె, ఆ సంచిని మీ భుజానికి తీసుకోవడము మీకు ఎక్కువ తగ్గింపు నేర్పుతుంది.

ఊరిలో ఉన్నవారలారా, పొలము గట్టు దగ్గర మూరెడు నేల కోసము మాట్లాడుకోని అన్నదమ్ములు మనలో ఉన్నారు. ఒకరు మందిరములో కుడి ప్రక్క కూర్చుంటారు, ఇంకొకరు ఎడమ ప్రక్క. ఇద్దరూ ఒకే రొట్టె తింటారు. బలిపీఠము దగ్గర అర్పణమును విడిచి ముందు సహోదరునితో సమాధానపడాలని ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయములో నేర్పించాడు. తప్పు ఎవరిదో తేల్చిన తరువాత వెళ్ళమని ఆయన చెప్పలేదు. తప్పు అవతలివానిదే కావచ్చు. మొదటి మాట మాత్రము మీది కావచ్చు.

వచ్చే ఆదివారము ప్రభురాత్రి భోజనము ఉన్నది. దానికి మనకు ఇంకా 6 దినములు ఉన్నవి. నన్ను తగ్గించుము అని అడగడము ఈ వారము కొంచెము ఆపి, నేను చేయవలసిన పని చూపించుము అని అడుగుదాము. ఆయన చూపించేది బహుశా చిన్నదే అయి ఉంటుంది. ఒక ఫోను, ఒక గడప, ఒక క్షమాపణ, అప్పుగా తీసుకొని ఇవ్వని 500 రూపాయలు, మీకంటె చిన్నవారి సలహా. మీ హోదాకు అది తగదని అనిపించవచ్చు. అదే మీ యొర్దాను. మనసు పూర్తిగా ఒప్పుకునేవరకు ఆగకండి. మోకాలిని ముందు వంచండి. మనసును దేవుడు చూసుకుంటాడు.

ప్రార్థించుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, మా కోసము దిగివచ్చిన నీ కుమారుని బట్టి నీకు స్తోత్రములు. మేము ఎవరి గడప తొక్కడానికి వెనుకాడుతున్నామో నీకు తెలుసు. ఈ వారము మమ్మును అక్కడికి నడిపించుము. మాకంటె చిన్నవారి నోట నీ మాట వినే చెవిని మాకు ఇయ్యుము. మా పల్లెల మధ్య, మా ఇండ్ల మధ్య, మా సంఘముల మధ్య మేము కట్టుకున్న గోడలను కూల్చుటకు మొదటి ఇటుకను మా చేతనే తీయించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.